ఒళ్ళే కొలత

మనుషుల్ని వర్ణించేటప్పుడు శిరస్సు నుంచి కిందికి దిగాలి, దేవతల్ని వర్ణించేటప్పుడు పాదాల నుంచి పైకి ఎక్కాలి. మన కావ్యాలు పాటించిన మర్యాద ఇది. వేషం కట్టిన మనిషీ, నిన్ను నేను పాదాల నుంచే మొదలుపెడుతున్నాను. కాగితం మీద గీసిన ఒక బొమ్మను ప్రేమించి, ఆ ప్రేమకు నీ ఒంటినే కోవెల చేశావు. కోస్‌ప్లే అని లోకం పిలిచే ఈ వ్రతం పట్టిన నువ్వు ఆ ఒక్క పూట నా కళ్ళకు దేవతవే.

నీ పాదాలకు దండం. అవి నిలబడే పాదాలు. టోక్యో అఖాతం ఒడ్డున బిగ్ సైట్ ప్రదర్శనశాల ఆవరణలో, ఆగస్టు ఉక్కలోనూ డిసెంబరు చలిగాలిలోనూ గంటల తరబడి నిలబడతాయి. ఏటా రెండుసార్లు అక్కడ జరిగే కొమికెట్ అనే బొమ్మల కథల సంత 1975 డిసెంబరు 21న ఒక చిన్న హాల్లో పుట్టింది. సొంతంగా బొమ్మల కథలు గీసి అచ్చేసుకున్న బృందాలు 32, వచ్చినవాళ్ళు 700 మంది. 2019 డిసెంబరులో నాలుగు రోజులకు ఏడున్నర లక్షల మంది వచ్చారు. ఆ జనసంద్రంలో నీకొక నియమం ఉంది. ఇంటి దగ్గర వేషం కట్టుకుని రాకూడదు, వేషంతో ఇంటికి వెళ్ళకూడదు. అందుకే మామూలు బట్టల్లో పెట్టె ఈడ్చుకుంటూ రైలు దిగుతావు. గుమాస్తాగానో, నర్సుగానో, పరీక్షలు రాసొచ్చిన విద్యార్థినిగానో బట్టలు మార్చుకునే గదిలోకి వెళతావు. ఖడ్గం పట్టుకుని బయటికొస్తావు. బూటు లోపల ఎత్తు కోసం పెట్టిన మడమలు కోస్తుంటాయి. అయినా ఫోటో అడిగిన ప్రతివాళ్ళకీ వీరుడు నిలబడినట్టే నిలబడతావు.

నిలబడలేని పాదాలకూ నీలో చోటుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో రయన్ వైమర్ అనే తండ్రి 2008 హాలోవీన్ పండక్కి తన చిన్నారి కొడుకు చక్రాల కుర్చీ చుట్టూ సముద్రపు దొంగల ఓడ కట్టాడు. కుర్చీని దాచలేదు. కుర్చీనే ఓడ చేశాడు. చక్రాలను చూసి జాలిగా చూపు తిప్పుకునే లోకం ఓడను చూడటానికి దగ్గరికొస్తుందని ఆ తండ్రికి తెలిసింది. తర్వాత మ్యాజిక్ వీల్‌చైర్ అనే సంస్థ పెట్టాడు. అక్కడి స్వచ్ఛంద సేవకులు పిల్లల కుర్చీల చుట్టూ డ్రాగన్లనూ విమానాలనూ డబ్బు తీసుకోకుండా కట్టి ఇస్తున్నారు. వేషానికి ఒళ్ళు ఎక్కడ ముగుస్తుందన్న పట్టింపు లేదు. చక్రమూ పాదమే.

నీ నడుముకు దండం. దుకాణం మన నడుమును కొలతగా మాత్రమే ఎరుగును. ఎస్, ఎమ్, ఎల్, ఎక్స్‌ఎల్ అని మెడ వెనక కుట్టిన చీటీతో మన భవిష్యత్తంతా చెప్పేస్తుంది. తెర చాటున నిలబడి బొత్తాం పెట్టుకోలేకపోయిన అమ్మాయి బట్టది తప్పనుకోదు, తన ఒంటిది తప్పనుకుంటుంది. అదే తప్పును దిద్దుతామంటూ పక్క దుకాణం ఇంకేదో అమ్ముతుంది. ఇక నువ్వు ప్రేమించిన కథానాయిక నడుమా, చిత్రకారుడి చేతిలో రెండు గీతలు. ఆ గీతల మధ్య పేగులు లేవు, పక్కటెముకలు లేవు, నెలసరి నొప్పి లేదు, మధ్యాహ్నం తిన్న అన్నం లేదు. అలాంటి నడుమును పేగులూ ఎముకలూ ఉన్న మనిషి ధరించాలి.

ఎలా ధరిస్తావో చూశాను, చేతులెత్తి మొక్కాను. పాతబడ్డ టీషర్టు ఒకటి తొడుక్కుంటావు. దాని మీద స్నేహితురాలు మందపాటి టేపు చుడుతుంది. రొమ్ము కిందుగా, పొట్ట మీదుగా, తుంటి చుట్టూ పొర మీద పొర. నువ్వు చేతులు చాచి కదలకుండా నిలబడతావు. చుట్టడం అయ్యాక ఆమె వీపు వెంబడి జాగ్రత్తగా కత్తెర పోనిచ్చి ఆ పెంకును నీ మీంచి ఒలుస్తుంది. కోసినచోట మళ్ళీ అతికి, లోపల దూదీ పాత గుడ్డలూ కూరితే నీ ఆకారం నీ ఎదురుగా నిలబడుతుంది. ఒక భుజం కాస్త వాలి ఉంటుంది, పొట్ట కాస్త ముందుకుంటుంది. అదంతా నువ్వే. ఆ బొమ్మకు గుడ్డ చుట్టి, పిన్నులు గుచ్చి, గీతలు గీసి కత్తిరిస్తావు. రాకుమారి గౌను నీ పొట్ట ఎంత ఉందో అంత వెడల్పుగా పుడుతుంది. ఏ చీటీ మీదా ఆ కొలత లేదు. ఇక్కడ ఒళ్ళు కొలతకు లొంగదు, ఒళ్ళే కొలత.

నీ గుండెకు దండం. దాని మీద బిగించిన బనీను కింద అది ఎంత గట్టిగా కొట్టుకుంటుందో నాకు తెలుసు. రియోకో ఇకెడా అనే రచయిత్రి 1972లో ఒక బొమ్మల నవల మొదలుపెట్టింది. ఫ్రెంచి విప్లవ కాలం నాటి కథ. కొడుకు లేని సేనాని తన ఆడపిల్లను మగపిల్లాడిగా పెంచుతాడు. ఆస్కార్ అనే ఆ పిల్ల రాజభవనం కావలి దళానికి అధిపతి అవుతుంది. 1974లో తకరజుకా నాటక సమాజం ఆ కథను రంగస్థలానికి తెచ్చింది. 1914లో తొలి ప్రదర్శన ఇచ్చిన నాటి నుంచి ఆడ పాత్రలూ మగ పాత్రలూ అన్నీ స్త్రీలే వేసే సమాజం అది. ఆస్కార్ యూనిఫాం మీది బంగారు జరీ అంచుల్ని నీలాంటివాళ్ళు ఎందరో సొంత చేతులతో కుట్టుకున్నారు. ఛాతీ అదుముకుని ఆడపిల్లలు సేనానులయ్యారు. నడుం బిగించి మగపిల్లలు యువరాణులయ్యారు. సాయంత్రం వేషం విప్పాక కొందరికి హాయిగా నిద్రపట్టింది. ఇంకొందరికి, పొద్దుటి నుంచీ తాము ఉన్నదే తమ అసలు తీరని తెలిసివచ్చింది. ఆ తెలివిడి ఇచ్చినందుకు కూడా నీ గుండెకు దండం.

ఇది మాకు కొత్త సంగతి కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో మగవాళ్ళు చీర కడతారు, గాజులు తొడుగుతారు, జడలో పూలు పెడతారు. పాలెగాణ్ణి పట్టడానికి అమ్మ రోజుకో రూపం దాల్చిందని, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వరసగా వేషాలు కడతారు. వాళ్ళు నటులు కారు. ఎదురుగా టికెట్టు కొన్న ప్రేక్షకులు లేరు. ఆటో నడిపేవాళ్ళు, కొట్టు నడిపేవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి తమ ఒంటిని అమ్మకు ఇస్తారు. నీది మొక్కు కాదని నాకు తెలుసు, నీ దేవత పుట్టి ఇంకా యాభై ఏళ్ళు నిండకపోవచ్చు. కానీ ప్రేమించినదాన్ని దూరం నుంచి చూడటం చాలక ఒంటి మీదికి తెచ్చుకోవాలన్న దాహం ఉందే, దాన్ని మా జాతర గుర్తుపడుతుంది.

నీ వీపుకు దండం. అక్కడి జిప్‌కు నీ చెయ్యి అందదు. అందుకే నీకు తోడు కావాలి. పేరు తెలియని అమ్మాయి నీ వెనక నిలబడి జిప్ పైకి లాగుతుంది. ఊడిన రెక్కను ఇంకెవరో తమ సంచిలోని గ్లూ గన్‌తో అతికిస్తారు. పెద్ద ఉత్సవాల్లో సూది, దారం, పిన్నీసులు, జిగురు పెట్టుకుని వేషాలకు మరమ్మతు చేసే స్వచ్ఛంద సేవకులు కూర్చుంటారు. గెలుపు ఓటములున్న పోటీకి వచ్చినవాళ్ళు కూడా పక్కవాడి కవచం పట్టీ తెగితే పరుగెత్తుకొస్తారు. ఒక్కరుగా కట్టగలిగిన వేషం లేదు. ప్రతి వీరుడి వెనకా ఒక జిప్ లాగిన చెయ్యి ఉంది.

నీ భుజాలకు దండం. వాటి మీద మెరిసే ఉక్కు ఉక్కు కాదు. జిమ్ముల్లో నేల మీద పరిచే చాపలకూ చెప్పుల అట్టలకూ వాడే ఈవీఏ ఫోమ్. పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, హీట్ గన్ పట్టుకుంటావు. నిప్పు తగిలిన అప్పడంలా అది ఒంపు తిరుగుతుంది. చల్లారేదాకా మోకాలి మీద అదిమిపట్టి భుజం గుండ్రాన్ని దానికి నేర్పుతావు. రెండు అంచులకూ జిగురు రాసి, ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు ఒక్కసారే కలుపుతావు, పొరపాటైతే మళ్ళీ ఊడదు. నల్ల రంగు, దాని మీద వెండి రంగు. అప్పుడు నువ్వు చేసే పనే నాకు అన్నిటికన్నా ఇష్టం. కొత్తగా మెరుస్తున్న ఆ కవచాన్ని పాతది చేస్తావు. అంచుల్లో గాట్లు పెడతావు, సందుల్లోకి పల్చని నల్లరంగు పోనిచ్చి తుడుస్తావు, మడతల్లో తుప్పు పూస్తావు. కొత్తదాన్నే కొనమనే కాలంలో ఆ వీరుడు చేసిన యుద్ధాలన్నిటినీ కవచం మీద గాయాలుగా రాస్తావు. హైదరాబాద్‌లో బేగంబజార్, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్ తిరిగి, లేసులూ లైనింగ్ గుడ్డలూ బేరమాడి తెచ్చిన పిల్లలు హైటెక్స్‌లో జరిగే కామిక్ కాన్ ఉత్సవానికి అలాంటి భుజాలతో నడిచొస్తారు. జపాన్‌లో పుట్టిన యోధుడి అంగీకి మన బజారు జరీ అంచు ఎంత నప్పిందో వాళ్ళను చూస్తే తెలుస్తుంది.

ఇక నీ చేతులు. వాటికి రెండుసార్లు మొక్కాలి.

1939 జూలైలో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. రాబోయే శతాబ్దాల మనుషులు వేసుకునే బట్టలివీ అంటూ ఇద్దరు వింత దుస్తుల్లో వచ్చారు. అతను 22 ఏళ్ళ ఫారెస్ట్ ఏకర్‌మన్, ఆమె మర్టిల్ డగ్లస్. రెండు వేషాలూ కుట్టింది ఆమే. పేరు మాత్రం చాలాకాలం అతనికే వచ్చింది. కుట్టిన చేతిని మరిచిపోయి తొడుక్కున్న భుజాన్ని గుర్తుపెట్టుకోవడం లోకానికి పాత అలవాటు. మొదటి దండం మర్టిల్ చేతులకు.

రెండో దండం నీ చేతులకు, అవి చేసిన తిరుగుబాటుకు. మన కాలం మనల్ని కొనేవాళ్ళుగా మార్చేసింది. నువ్వెవరివంటే చేతిలో ఫోన్ చూపిస్తాం, కాలి బూటు మీది గుర్తు చూపిస్తాం. కథను ప్రేమిస్తే ఆ కథ బొమ్మ ఉన్న చొక్కా కొను, సీసా కొను, తాళాల గుత్తి కొను, నీ ప్రేమకు రసీదు ఉంచుకో అంటారు. నువ్వూ కొన్నావు. కాదనను. ఫోమ్ కొన్నావు, విగ్గు కొన్నావు, ప్రవేశ రుసుము కట్టావు. నువ్వు నడిచే ప్రకటన పలకవని, కంపెనీకి జీతం లేని కొలువు చేస్తున్నావని అనేవాళ్ళున్నారు. ఆ మాటను తీసిపారేయను. నువ్వు ధరించే దేవతల మీద హక్కుపత్రాలున్నాయి. 2021లో జపాన్ ప్రభుత్వం కూడా కాపీరైటు చట్టం ముందు కోస్‌ప్లే ఎక్కడ నిలబడుతుందో తేల్చాలని ఆలోచించింది.

అయినా నీ చేతుల్లో జరిగినదాన్ని ఏ హక్కుపత్రమూ పట్టుకోలేదు. కంపెనీ గీసిన బొమ్మకు వెనక వైపు లేదు. ఆ అంగీకి వీపు ఎలా ఉంటుందో నువ్వు ఊహించావు. బొమ్మలో గుడ్డకు బరువు లేదు, నువ్వు ముఖమలా పట్టా అని వారం ఆలోచించి బరువు ఇచ్చావు. తెర మీద ఆమెకు చెమట పట్టదు, నీకు పట్టింది, చంకల్లో కుట్టు తడిసింది, నువ్వు మళ్ళీ కుట్టావు. కొనుక్కున్న వస్తువు కొన్న రోజు నుంచే పాతబడుతుంది. నువ్వు కట్టిన వేషం మాత్రం నీ వేళ్ళకు ఒక విద్య నేర్పి వెళుతుంది. కుట్టు మిషను తొక్కడం, మిషను పాదం మార్చడం, కొలత గీయడం, ఇసుక కాగితం రుద్దడం, రంగులు కలపడం. అమ్మేవాడు ఇచ్చింది కథ ఒక్కటే. దానికి బదులుగా నువ్వు నీ పనితనం ఇచ్చావు. తీసుకున్నవాడికన్నా ఎక్కువ ఇచ్చినవాడు కొనుగోలుదారు కాడు. 2003 నుంచి నగోయాలో జరుగుతున్న ప్రపంచ కోస్‌ప్లే శిఖరాగ్రానికి దేశదేశాల నుంచి జంటలుగా వస్తారు, వాళ్ళు పోటీపడేది తమ చేతులతో చేసుకున్న వేషాలతో. రాత్రి డ్యూటీల మధ్య కుట్టుకు తీరిక దొరక్క సిద్ధంగా ఉన్న వేషం కొని, చేతులు పొట్టి చేసుకుని, నడుం వదులు చేసుకుని తొడిగినవాళ్ళనూ నేను దండం నుంచి తప్పించను. ఆ ఒక్క మడత కుట్టిన క్షణాన వాళ్ళ చేతులూ ఈ వంశంలో చేరాయి.

నీ చర్మానికి దండం. దాని అసలు రంగుకు దండం. ఈ లోకంలోనూ కొలబద్దలు పట్టుకొచ్చేవాళ్ళున్నారు. ఆ పాత్ర అంత లావుండదని, అంత నల్లగా ఉండదని, అంత వయసుండదని రాసిపోతారు. చాకా కంబర్‌బ్యాచ్ అనే అమెరికన్ నల్లజాతి యువతి జపాన్ బొమ్మల కథలోని సెయిలర్ వీనస్ వేషం కట్టినప్పుడు ఆమె రంగును ఎత్తిపొడిచారు. ఆమె ముఖం దాచుకోలేదు. ఫిబ్రవరి అక్కడ నల్లజాతి చరిత్ర మాసం. 2015లో ఆ నెల 28 రోజులూ నల్లజాతి కోస్‌ప్లేయర్లను లోకానికి చూపిద్దామని పిలుపునిచ్చింది. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో నల్లని భుజాల మీద వెండి కవచాలు, నల్లని నుదుటి మీద రతనాల కిరీటాలు వరుస కడుతున్నాయి.

మా ఇళ్ళల్లో చామనఛాయ పిల్లకు తెల్లబడే క్రీము కొనిపెట్టడం ముద్దు చేయడంలో భాగం. ఆ పిల్ల పెరిగి, పాలరంగు చెక్కిళ్ళతో గీసిన యువరాణిని ప్రేమిస్తుంది. తన రంగుతోనే ఆ వేషం కడుతుంది. నీలి చర్మపు గ్రహాంతరవాసికో, పచ్చని రాక్షసుడికో రంగు పూసుకోవచ్చు. ఇంకో మనిషి జాతి రంగును మాత్రం పూసుకోనక్కర్లేదు, పూసుకోకూడదు. పాత్రను ఆమె తన చర్మంలోకి ఆహ్వానించింది. వచ్చిన పాత్ర ఆ చర్మాన్ని గౌరవించి కూర్చోవాలి. పెళ్ళి చూపుల్లో ఎవరి కంటికో తక్కువైన రంగు అక్కడ సింహాసనం మీద ఉంటుంది.

నీ కళ్ళకు దండం. వాటిలో నీలం రంగు లెన్సులు మంట పుట్టిస్తున్నా రెప్ప వేయకుండా చూస్తావు. నిన్ను చూసే కళ్ళ గురించీ చెప్పాలి. 1978లో హకోనె దగ్గరి సరస్సు ఒడ్డున జరిగిన సైన్స్ ఫిక్షన్ సభకు తర్వాత విమర్శకురాలిగా పేరు తెచ్చుకున్న మారి కొతానీ అంగారక గ్రహపు కథ ఒకదాని ముఖచిత్రంలోని వేషం కట్టుకుని వచ్చింది. చూసినవాళ్ళు ఆమెను ఒసాము తెజుకా సృష్టించిన సముద్రపు బాలుడు ట్రైటన్ అనుకున్నారు. తమ గుండెలో ఉన్నవాణ్ణే ఆమెలో చూశారు. ప్రేమ ఇలా పొరబడితే అందమే. కానీ అన్ని చూపులూ ప్రేమ కావు. కురచ దుస్తులు చూసి చెయ్యి వేయవచ్చనుకున్నవాళ్ళు వచ్చారు. అడక్కుండా ఫోటో తీసినవాళ్ళు వచ్చారు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ ద్వారాల దగ్గర పెద్ద పలకలు నిలబెట్టారు, వేషం కట్టినంత మాత్రాన ముట్టుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు కాదని. పాత్ర అందరిదీ కావచ్చు, దానికి కోవెలైన ఒళ్ళు నీ ఒక్కదానిది. గుళ్ళోకి వచ్చేవాళ్ళు చెప్పులు విడిచినట్టే నీ దగ్గరికి వచ్చేవాళ్ళు తమ అహంకారం విడిచి రావాలి.

నీ శిరస్సుకు దండం. గులాబీ రంగు, వెండి రంగు, ఆకుపచ్చ రంగు, ఏ పిల్లకూ పుట్టుకతో రాని కురులు నీ నెత్తిన అలలవుతాయి. జపాన్‌లో 1950లలో తయారీ మొదలైన కనెకలాన్ లాంటి కృత్రిమ పోగులు ఆ కురులు. వేడి గాలి చూపించి, జిగురు చల్లి, గురుత్వాకర్షణను ఎదిరించే ముళ్ళుగా నిలబెడతావు. లోపల బిగుతు టోపీ కింద నీ సొంత జుట్టు చెమటలో తడిసి, కణతలు పోటెత్తి, సాయంత్రానికి నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి గుండు తడుముకుంటూ లేచే తల్లులకు నీ సంగతి చెబితే అర్థమవుతుంది. ప్రేమించినదాని కోసం ఒంటిలో ఏదో ఒకటి ఇవ్వాలి. వాళ్ళు జుట్టు ఇచ్చారు, నువ్వు ఓర్పు ఇచ్చావు.

పాదం నుంచి శిఖ దాకా చేరాను. స్తోత్రం చివర ఫలం చెప్పాలి, చెబుతాను. నిన్ను చూసిన పిల్లకు సూదిలో దారం ఎక్కించాలనిపిస్తుంది. తన ఒంటి మీద తనకున్న కోపం ఒక సాయంత్రమైనా దిగుతుంది, దిగిన దారి గుర్తుంటుంది. అద్దం ముందు నిలబడి ‘ఎంత ఉన్నాను’ అని అడగడం మాని ‘ఎవరిని మోయగలను’ అని అడుగుతుంది. అమ్ముడుపోయే పోలికల్లో తనను వెతుక్కునే యువకుడికి, పోలిక తన చేతుల్లోనే తయారవుతుందని తెలుస్తుంది. మగ, ఆడ అన్న రెండు గదుల్లో ఊపిరాడనివాళ్ళకు మూడో తలుపు కనబడుతుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న పసివాడు ఓడ నడుపుతాడు. చామనఛాయ యువరాణి రాజ్యం ఏలుతుంది. పక్కవాడి వీపు మీది జిప్ లాగడం నేర్చినవాళ్ళు ఈ లోకంలో కొంచెం ఎక్కువవుతారు.

ఏం కొనాలో చెప్పేవాళ్ళు రేపూ వస్తారు. ఒళ్ళు ఎలా ఉండాలో చెప్పేవాళ్ళూ వస్తారు. వాళ్ళకు నువ్వే మా సమాధానం. నీ ఒంటికి తగినట్టు నువ్వే కత్తిరించుకో, నువ్వే కుట్టుకో, జనంలోకి తల ఎత్తుకుని నడిచిరా. వేషం కట్టిన మనిషీ, నీకు జయం కలగాలి.